రెండడుగులు పక్కకు

రఘుపతిరెడ్డి దొర మోటరు ఎంత జోరుగా పోతుందో చౌటుప్పల్ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. అది ఆగదన్న సంగతి మాత్రం అందరికంటే ముందు గొర్లకాపరి భిక్షానికి తెలిసింది.

ఊరవతల మంద రోడ్డు దాటుతుండగా బండి అందులో జొరబడి, ఏడు గొర్లనూ భిక్షం కుడికాలినీ నలగ్గొట్టి, మరో ఫర్లాంగు పోయి గాని నిలవలేదు. దొర దిగి మొదట చూసింది బండి ముందరి జాలీని. ఆ తర్వాత దీపాలను. అవి రెండూ చూసుకున్నాకనే భిక్షం వైపు తిరిగి, "కండ్లు నెత్తికెక్కినయారా? గింత బండి వస్తాంటే కనవడలే?" అన్నాడు. భిక్షాన్ని నులకమంచంలో వేసుకుని నలుగురు దవాఖానకు మోసుకుపోయారు. మోటరుకు మాత్రం రెండు జతల ఎడ్లను కట్టి, ముందొకడు వెనకొకడు నడుస్తూ, పెండ్లికొడుకును తెచ్చినట్టు గండయ్య షెడ్డుకు తెచ్చారు.

గండయ్యది రామన్నపేట. నేతగాళ్ల ఇల్లు. తండ్రి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే ముసలివాడయ్యాడు, కూర్చునే పోయాడు. తనకా బతుకు వద్దని గండయ్య పట్నం పారిపోయి, లారీల కార్ఖానాలో పదేండ్లు గ్రీజు పూసుకుని, తన్నులు తిని పని నేర్చుకుని, చౌటుప్పల్‌లో పెద్దరోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. షెడ్డు వెనకనే కాపురం. ఇంట్లో తానూ, భార్య ఆండాళూ. రేకులు తనవే, పనిముట్లు తనవే, కింద జాగ మాత్రం దొరది. పోలీసు యాక్షన్ అయి పదేండ్లు కావస్తోంది, కోటలాంటి గడీ గోడలు సగం కూలాయి, అయినా రోడ్డు పొడుగునా ఉన్న జాగలన్నీ ఇంకా దొర పేరనే ఉన్నాయి. ఆ ఏడు పెట్రోలు పంపు పెడతామని ఎవరో వచ్చి, సరిగ్గా గండయ్య షెడ్డున్న చోటే కావాలని అడిగిపోయారు. దొర ఔననలేదు, కాదనలేదు. గండయ్యకు ఆనాటి నుంచి కంటిమీద కునుకు లేదు.

ఆ మోటరు పట్నంలో ఒక నవాబు అమ్ముకున్నది. ఎనిమిది సిలిండర్ల విలాయతి బండి. ఇరవై ఏండ్ల పైబడ్డదే గాని ఇంజను నిన్న దింపినట్టు ఉంటుంది. గండయ్య బానెట్ ఎత్తి, చెవి పెట్టి విని, మూసేశాడు. కిందికి దూరి బ్రేకులు చూసి, నుదురు కొట్టుకున్నాడు.

"ఏమ్రా గండిగా," అన్నాడు దొర, షెడ్డు ముందు కుర్చీ వేయించుకుని. "దీన్ని తయారు చేసినోడు ఉరుకుడు నేర్పిండు గని ఆగుడు నేర్పలేదారా?"

"బాంచెన్ దొరా, ఇవి గప్పటి తాళ్ల బ్రేకులు. తొక్కితే నాలుగు ఇనుప తాళ్లు నాలుగు చక్రాలను పట్టి గుంజాలె. ఒక తాడు సాగుతది, ఒక తాడు సాగది. జోరు మీద ఉన్నప్పుడు తొక్కినా తొక్కనట్టే."

"కొత్త తాళ్లు ఎయ్యి."

"ఏస్తే నాలుగొద్దులు. మల్ల సాగుతయి. నూనె బ్రేకులు పెడదాం దొరా. తాళ్లకు బదులు సన్నటి గొట్టాలల్ల నూనె ఉంటది. కాలు పెట్టంగనే అన్ని దిక్కుల ఒక్కతీరు ఒత్తుతది. ముంగటి రెండు చక్రాలకు పెడితే చాలు. బ్రేకు కొట్టినప్పుడు బరువంతా వాటి మీదనే పడతది."

దొర వెనక నిలబడ్డ జంగయ్య నవ్వాడు. జంగయ్య దొర జాగల కిరాయిలు వసూలు చేసేవాడు. దొర నవ్వకముందే నవ్వడం కూడా అతని కొలువులో భాగమే. "జీపులు మస్తు పడున్నయి దొరా సికింద్రాబాద్‌ల. ఒక దాని బ్రేకులు పీక్కరాండ్రి, అగ్గువకు ఒడుస్తది."

"జీపు డ్రమ్ములు దీనికి పెడితే పైల్వానుకు పోరగాని లాగు తొడిగినట్టైతది," అన్నాడు గండయ్య. "గీ బండి జీపుకు రెండంతల బరువు. మిలిటరీవోళ్లు ఏలం పాటల అమ్మిన లారీల ముంగటి డ్రమ్ములు కావాలె. మందంగ ఉంటయి, ఏడి తట్టుకుంటయి. వాటి లోపటికి నేసిన లైనింగు తీసుకుందాం దొరా. మెత్తగుంటది, కాలు పెట్టంగనే పట్టుకుంటది."

లైనింగు అంటే డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీ. ఒక్కో చక్రానికి రెండు. నూలూ ఇత్తడి తీగా కలిపి బెల్టులాగా నేసినది ఒక రకం. అచ్చులో పోసి కాల్చిన గట్టిది కొత్త రకం.

"చూసినారుండ్రి," అన్నాడు జంగయ్య. "సాలోడు బ్రేకుల్ల గూడ బట్టనే ఎతుకుతడు."

దొర పొట్ట ఊగేలా నవ్వాడు. "నేసింది నాకొద్దురా. పట్నంల కంట్రాక్టరు బండికి గట్టియి ఏసిండ్రు. గవే తెస్త. ఇగో, ఇను. వాగు దిగుట్ల జోరు మీద వచ్చి తొక్కుత. చెప్పిన కాడ బండి ఆగితే గీ జాగ నీ పేర రాసిస్త. ఆగకపోతే పంపువోళ్లకు ఇస్త. ఎట్లుంది?"

గండయ్య దొర కాళ్ల దగ్గర నేలను ముట్టి కండ్లకద్దుకున్నాడు. తనను ఎట్లయినా వెళ్లగొట్టగలవాడు ఒక దారి చూపించాడు గదా అని నిజంగానే సంబరపడ్డాడు.

డ్రమ్ములు వచ్చాయి. గొట్టాలు, బ్రేకు సిలిండర్లు వచ్చాయి. గట్టి లైనింగు నాలుగే నాలుగు ముక్కలు, అట్టపెట్టెలో గుడ్లలాగా పెట్టి వచ్చాయి. గండయ్య పన్నెండు దినాలు షెడ్డు దాటలేదు. ఇరుసు కొనలు అరగదీసి డ్రమ్ములను కూర్చాడు. గొట్టాల్లో గాలి బుడగ మిగిలితే బ్రేకు మెత్తగా పోతుంది గనుక ఆండాళును డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తాను కింద పడుకుని, "తొక్కు... పట్టు... ఇడువు" అంటూ పూటంతా తొక్కించాడు. ఆమె పాదం బొబ్బలెక్కింది.

"గీ ఒక్క పని అయిపోనీ," అన్నాడు కింది నుంచి. "జాగ మనదైతది. గోడలు పెట్టిస్త. నీకు అర్ర ఏరేగ కట్టిస్త."

"అర్ర సంగతి తరువాత. ముందుగాల నా కాలుకు నెయ్యి తే," అన్నది ఆండాళు. కానీ నవ్వుతూనే అన్నది. ఆమె కూడా ఆ గది గోడలను చూస్తోంది.

నేసిన లైనింగుకు రివెట్ల తూట్లు పొడవడంలో గండయ్యకు తిరుగులేదు. బర్మా మొన ఆనించి బలంగా ఒత్తితే చాలు, నేత దారి ఇస్తుంది. గట్టి లైనింగు అతని చేతికి ఎప్పుడూ రాలేదు. అది పెంకులాంటిది, ఓపికగా గీకినట్టు పొడవాలి. కుడి చక్రానికి రెండు ముక్కలూ భయం భయంగా పొడిచి, ఆండాళు రాగి రివెట్లు పట్టుకుంటే దిగ్గొట్టి, డ్రమ్ము బిగించాడు. అంతలో జంగయ్య వచ్చి, "దొర రేపు పొద్దుగాల వస్తడట. పంపువోళ్లు గూడ మల్లొచ్చి కూసున్నరు. ఇగ నీ ఇష్టం," అని చెప్పిపోయాడు. గండయ్య ఎడమ చక్రం ముక్కలు తీసుకుని, చేతికి అలవాటైన తీరున ఒత్తాడు. మొదటిది అడ్డంగా పగిలింది. రెండోది ఇంకా మెల్లగా పొడుద్దామనుకున్నాడు గాని చేతికి పాత అలవాటే వచ్చింది. అదీ పగిలింది.



"దొరకు చెప్పు," అన్నది ఆండాళు. "ఇంకో రెండు తెప్పిస్తడు."

"తెప్పియ్యడు. జంగడు చెవుల ఊదుతడు. గా ఒక్క మాటకే జాగ పోతది."

అటక మీద పాత నేసిన లైనింగు చుట్ట ఉంది. అది సరిగ్గా ఒక్క చక్రానికి సరిపోయేంతే ఉంది. కుడి చక్రానివి విప్పి రెండు వైపులా తలా ఒకటి వేద్దామంటే, రివెట్లు తీయగానే అవి కూడా పగులుతాయని భయం. పగిలిన ముక్కలను మసిగుడ్డలో చుట్టి పాత టైర్ల కింద దోపాడు. ఎడమ చక్రానికి నేసినది కొట్టాడు. ఆండాళు రివెట్లు పట్టుకుంటూ, పడుగూ పేకా వేలితో తడిమి చూసింది.

"ఒక దిక్కు గట్టిది, ఒక దిక్కు మెత్తది. ఏం గాదా?"

"ఏం గాదు. ఏదైతేంది, ఆగుతది."

తెల్లవారుజామున దొర ఇంకా రాకముందే బండిని రోడ్డెక్కించి చూశాడు. తొక్కగానే ఆగింది. అంత పెద్ద బండి మెడ పట్టి లాగినట్టు ఆగింది. కానీ మెత్తటి లైనింగు ముందుగా పట్టుకుంటోంది, గట్టిది వెనకబడుతోంది. తొక్కిన ప్రతిసారీ బండి ముక్కు ఎడమకు కొట్టుకుపోతోంది. నాలుగుసార్లు తొక్కాడు. నాలుగుసార్లూ అంతే. షెడ్డులో పెట్టి, చెమట తుడుచుకుని, ఆండాళుకు ఏమీ చెప్పలేదు.

దొర వచ్చాడు. వెంట జంగయ్య, వాళ్ల వెంట తమాషా చూడటానికి ఊళ్లోవాళ్లు ఇరవై మంది.

"నేను ముంగట నిలబడత దొరా," అన్నాడు గండయ్య. "నా బ్రేకు మీద నాకు నమ్మకమున్నది. నడిరోడ్డు మీద నిలబడత, మీరు రాండ్రి."

"నువ్వెందుకురా? మా గడీ రివాజు ఎర్కలేదా నీకు? బావికి ఒర కట్టినోని పెండ్లామే ముందుగాల బావిల దిగాలె. మిద్దెకు దూలం ఎత్తినోని పెండ్లామే కింద కూసుండాలె, పైన పదిమంది ఎగరాలె. మా నాయిన పెట్టిన రివాజు. మొగోడు ఆశపడి వాని పానం పెడతడు. పెండ్లాన్ని పెట్టుమంటెనే పని సంగతి బయటవడతది." దొర చిటికెన వేలితో చెవి గీక్కున్నాడు. "పిలువు దాన్ని. లేకపోతే ఇప్పుడే చెప్పు, పంపువోళ్లను పిలుస్త."

 ఇరవై మందిలో ఒక్కడైనా ఏమన్నా అంటాడేమోనని గండయ్య చూశాడు. వాళ్లకు తెల్లారినప్పటి నుంచి వేరే పని లేదు. ఒకడు మాత్రం ఎండ ముదరకముందే కానివ్వమన్నాడు.

ఆండాళు పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతోంది.

"జర బయటికి రా. దొర పిలుస్తాండు."

"ఎందుకు?"

"వాగు దిగుట్ల నువ్వు నిలబడాలె. బండొచ్చి నీ ముంగట ఆగుతది. గంతే."

ఆమె పిండిచేతులు అలాగే పెట్టుకుని చూసింది. "ఆగుతదా?"

"ఆగుతది."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

తన మీద కూడా వేసుకోవచ్చు. నోటికి ఆమే వచ్చింది. ఆండాళు చేతులు కడుక్కుని, పెనం మీది రొట్టె దించి మూతపెట్టి, కొంగు సర్దుకుని బయటికి వచ్చింది.

రోడ్డు వాగు వైపు దిగే చోట, దిగుడు అడుగున, సున్నంతో అడ్డంగా గీత గీశారు. దొరే స్వయంగా ఆండాళును గీతకు ఇవతల, నడిరోడ్డు మీద నిలబెట్టాడు. సంతలో మేకను నిలబెట్టినట్టు భుజం పట్టి కొద్దిగా తిప్పాడు. "ఈడనే. కదిలితే నా బండికి తగులుతవు, రంగు పోతది," అన్నాడు. జనం నవ్వారు. దొర బండెక్కి గట్టు పైకి పోయాడు. చప్పుడు దూరమైంది.

గండయ్య అప్పుడు లెక్క వేసుకున్నాడు. ఆగుతుంది, అది తెలుసు. కానీ ఎడమకు ఎంత కొట్టుకుపోతుందో దిగుట్లో తాను చూడలేదు. గట్టు మీది నుంచి వచ్చే బండికి నడిరోడ్డు ఎంత, ఎడమ ఎంత? అతను ఆండాళు దగ్గరికి పోయి, బండికి కుడివైపు అయ్యే దిక్కు చూపించాడు.

"ఇటు జరుగు. రెండడుగులు."

"దొర ఈడనే అన్నడు గద."

"నేను చెప్తున్న గదనే. జరుగు."

ఆమె జరిగింది. జరిగి, తాను మొదట నిలబడ్డ చోటును చూసింది. దుమ్ములో రెండు పాదాల గుర్తులు. తర్వాత గట్టు వైపు చూసింది. తర్వాత అతన్ని.

"ఎడమ దిక్కే గద నేసింది ఏసినం," అన్నది మెల్లగా.

గండయ్య గట్టు వైపు తల తిప్పాడు.

"గుంజుతదా? నీకు ఎర్కనే?"

"ఏం గుసగుసలురా అవి?" అని జంగయ్య అరిచాడు. "ముద్దుముచ్చట్లు ఇంటికి పోయినంక పెట్టుకోండ్రి. ఇటు రా నువ్వు, తొవ్వ ఇడువు!"

గండయ్య పక్కకు వచ్చేశాడు. హారను మోగింది. ఎనిమిది సిలిండర్లూ ఒక్కసారి గర్జిస్తూ బండి గట్టు మీద తల ఎత్తి, దిగుట్లో పడింది. జనం వెనక్కి దూకారు. ఆండాళు కదలలేదు. ఆమె బండిని చూడటం లేదు, గండయ్యనే చూస్తోంది. గీత ఇంకా దూరం ఉండగానే దొర తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి, బండి ముక్కు ఎడమకు విసురుగా తిరిగింది, దుమ్ము లేచి అందరినీ కమ్మేసింది.

దుమ్ము తేలిపోయేసరికి బండి ఆగి ఉంది. సున్నపు గీత దాటలేదు. గీతకు ఇవతల దుమ్ములో ఆండాళు మొదటి పాదాల గుర్తులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటికి జేనెడు దూరంలో బంపరు నిలబడింది. ఎంత ఎడమకు తిరిగినా అది అంతవరకే వచ్చింది.

"ఆగిందిరా!" దొర తలుపు తన్ని దిగాడు. చిన్నపిల్లవాడిలా ఎగిరాడు. "అబ్బ! సాలోనివైనా మొగోనివే! జాగ నీదేరా గండిగా. జంగా, రేపే కాయితం రాపియ్యి."

జనం చప్పట్లు కొట్టారు. ఒకడు గండయ్య వీపు చరిచాడు. ఆ కాస్తసేపు గండయ్యకు జాగ ఉంది. గోడలు కూడా లేచాయి. అతనికి ఏడుపొచ్చింది.

"దొరా," అన్నది ఆండాళు.

ఆమె గొంతు పెద్దది కాదు. అయినా అందరూ తిరిగారు.

"మీరు నిలబెట్టింది నన్ను ఈడ కాదు. గా పాదాలు చూడుండ్రి. అవి నావే. మా ఆయిన ఇటు జరిపిండు."

దొర నవ్వు ఇంకా ముఖం మీదనే ఉంది. "ఎందుకు జరిపిండే?"

"బండి ఎడమకు గుంజుతదని ఆయనకు ముందుగాలనే ఎర్క. మీరు తెచ్చిన గట్టి ముక్కలు రెండు పగులగొట్టిండు. ఎడమ చక్రానికి పాత నేసిన ముక్కలు ఏసిండు. రివెట్లు పట్టుకున్నది నేనే. పగిలినయి టైర్ల కింద ఉన్నయి, పోయి చూసుకోండ్రి."

"నీ నోట్ల మన్నువడ, ఆండాళూ!" అని గండయ్య ఒక్క అంగలో ఆమె మీదికి పోబోయాడు. దొర చేయి అడ్డం పెట్టాడు. తిరిగిన ముంగటి చక్రాన్ని చూశాడు, రోడ్డు మీద వంకరగా పడ్డ టైర్ల చారలను చూశాడు. నవ్వు మెల్లగా దిగిపోయింది.

"పెండ్లాన్ని జరిపినవు మంచిదే," అన్నాడు. "లోపట కూసున్నది నేను గదరా. నన్నెందుకు జరుపలే? పట్నం తొవ్వల గీ జోరు మీద తొక్కుదును, ఎడమ దిక్కు చెట్టుకు పోయి కొట్టుకుందును. అప్పుడు జాగ ఎవనిదిరా?"

"బాంచెన్ దొరా, ఇంకో రెండు ముక్కలు తెస్తే ఒక్క పూటల..."

చెప్పు గండయ్య చెంప మీద పడింది. రెండోది వేయడానికి దొర ఓపిక చేసుకోలేదు, జంగయ్య వేశాడు.

"ఎనిమిది దినాల టైము," అన్నాడు దొర, చెప్పు తొడుక్కుంటూ. "రేకులు ఊడపీక్కొని పో. పంపువోళ్లకు కబురు పంపు జంగా." తర్వాత ఆండాళు వైపు చూశాడు. "నువ్వు మంచిపని చేసినవే. నీ మొగనికంటే నీకే బుద్ధున్నది." బండెక్కి, నెమ్మదిగా, కాలు బ్రేకు మీద ఆనించకుండా, గడీ వైపు పోయాడు.

తమాషా అయిపోయిందని జనం విడిపోయారు. రోడ్డు మీద ఇద్దరే మిగిలారు.

"నిన్ను కాపాడుదామనే గద జరిపిన," అన్నాడు గండయ్య, చెంప పట్టుకుని.

"కాపాడెటోడైతే ఇంట్లనే కాపాడుతుండె. పొయ్యి కాడ." ఆమె అతని వైపు చూడలేదు. "నా మీద ఒట్టు పెట్టి తోలుకొచ్చినవు. జరుపకుండా ఉంటే నీ మాటే నమ్ముకుని నిలబడుతుంటి." అని షెడ్డు వైపు నడిచింది.

గండయ్య ఆమె వెంట పోలేదు. గీత దగ్గర కూలబడి, బంపరు నిలబడ్డ చోట నుంచి ఆ పాదాల గుర్తుల దాకా చేత్తో కొలిచాడు. జేన. సరిగ్గా జేన. మళ్లీ కొలిచాడు. అక్కడే నిలబడనిచ్చి ఉంటే వెంట్రుక కూడా కదిలేది కాదు. ఆండాళు కొంగు దులుపుకుని నవ్వుకుంటూ ఇంటికి పోయి మిగిలిన రొట్టెలు కొట్టుకునేది. రేపటికి కాయితం చేతికొచ్చేది. ఇరవై మందిలో ఒక్కడికి కూడా ఏమీ తెలిసేది కాదు, ఆమెకైతే అసలే తెలిసేది కాదు.

దూరంగా లారీ ఒకటి హారను కొడుతూ వస్తోంది. గండయ్య లేచి పక్కకు తప్పుకున్నాడు. లారీ ఆ పాదాల మీదుగా, సున్నపు గీత మీదుగా పోయింది. పెండ్లి అయి తొమ్మిదేండ్లు, ఎన్నడూ లేనిది ఆనాడు ఒక్కసారి ఆమె మీద జాలిపడినందుకు తనకు ఈ గతి పట్టిందని అతనికి స్పష్టంగా అర్థమైంది. ఎక్కడైనా మళ్లీ షెడ్డు వేసుకోవాలి, మళ్లీ ఏ దొరదో జాగ అడుక్కోవాలి. అక్కడ కూడా ఏదో ఒక రివాజు ఉండనే ఉంటుంది. ఈసారి నిలబెట్టిన చోట నుంచి ఆమెను ఒక్క వేలెడు కూడా జరపకూడదని గట్టిగా అనుకుని, రేకులు విప్పడానికి షెడ్డు వైపు నడిచాడు.